అచ్చు చట్రం మీద రేడియో

గద్వాల,
8 జూలై 2025

శివశంకర్‌కు,

చిరంజీవి అని మొదలుపెట్టాలి. ఈసారికి రాయబుద్ధి కాలేదు.

నీ నంబరు నా ఫోన్లో ఆపేశాను. ఫోన్లో నువ్వు మూడో మాటకే నవ్వుతావు, నాకు నాలుగో మాటకే ఏడుపొస్తుంది, అసలు సంగతి మిగిలిపోతుంది. అందుకే పోస్టాఫీసుకు పోయి కవరు తెచ్చుకున్నాను. కాగితానికి అడ్డం తగలడం నీ వల్ల కాదు.

తొలి ఏకాదశికి నేను శ్రీరంగాపూర్ పోయి ఆదివారం సాయంత్రం తిరిగొచ్చాను. నువ్వు శనివారం వచ్చి, ఆదివారం పొద్దున్నే బండేసుకుని పోయావట. సోమవారం స్నానం చేసి, కొత్త పడుగు అతుకుదామని మగ్గం దగ్గరికి పోతే మధ్యలో ఏమీ లేదు. పోగులను వరసలో పట్టే దువ్వెన లాంటి అచ్చు లేదు. దాన్ని పట్టుకునే టేకు చట్రం లేదు. పాత పోగులు లేవు. పళ్ళూడిన నోరులా ఉంది మగ్గం.

ఎదురింటి భీమమ్మత్త చెప్పింది: "మీ తమ్ముడు బండి ముందర ఏందో కట్టె బిగిస్తుండె బిడ్డా. దాని మీద మాట్లాడే డబ్బా పెట్టి మస్తు మురిసిపోతుండె."

నువ్వు నేతగాని ఇంట్లో పుట్టావా, నిన్నెవరైనా జాతరలో దొరకబుచ్చుకున్నారా? చీర దిగినా పడుగు మొత్తం కోయకూడదని, జానెడు పోగులు అచ్చులోనే వదిలేయాలని, కొత్త పడుగును వాటికి ఒక్కొక్క పోగే మెలిపెట్టి అతకాలని నీకు తెలియదా? మగ్గం మీద పోగు లేకుండా చేసేది ఇంట్లో నేత మానేసిన రోజే. మన ఇంట్లో నేత ఎవరు మానేశారు? నేనున్నానా, చచ్చానా?

అమ్మ పోయి ఆరేళ్ళు. వెనక కూర్చుని పోగు అందించే మనిషి లేక, అప్పట్నుంచి ఏ పడుగునూ మొదట్నుంచి దూర్చలేదు, అతుక్కుంటూనే వచ్చాను. నాయన నేసే చీర అంచులో కోటకొమ్మల మధ్య జొన్నకంకి ఎట్లా పడుతుందో, ఏ పోగు ఏ నూలు కంటిలోంచి పోవాలో ఎక్కడా రాసి లేదు. ఆ వరస ఆ పాత పోగుల్లోనే ఉంది. దాన్ని నువ్వు కోసేశావు. నాయన్ను అడిగితే, "యాదికి లేదు బిడ్డా, ఇడ్చిపెట్టు" అని పొద్దున ఏడింటికి నీ రేడియో ముందు పోయి కూర్చున్నాడు. లేచి వచ్చాక మళ్ళీ అదే పాట: వనపర్తి హాస్టల్లో ఆడపిల్లలకు కుట్టు నేర్పే పని ఉంది, అక్కడే గది ఇస్తారు, పో అని.

ఎనిమిదేళ్ళ కింద అత్తవారిల్లు వదిలేసి ఈ గడప తొక్కినప్పుడు అందరూ జాలిపడ్డారు. మగ్గం గుంటలో కాళ్ళు పెట్టాకే ఆ జాలి ఆగింది. ఈ మగ్గం లేకపోతే ఈ ఇంట్లో నేనెవరిని? చుట్టాన్ని. అది నీకు అర్థమవుతుందా?

చట్రం పట్టుకుని రా. పోగులు ఎక్కడ పారేశావో అవీ ఏరుకుని రా.

నీ అక్కనైనందుకు విచారిస్తూ,
ఉమ

*

బిజినేపల్లి,
12 జూలై 2025

అక్కకు నమస్కారం.

తిట్లన్నీ భద్రంగా అందాయి, దారిలో ఒక్కటీ పోలేదు. నేను మాత్రం నిన్ను చిరంజీవిగానే కోరుకుంటున్నాను.

తప్పు నాదే. అటక మీద పాత సామానులో ఆ చట్రం కనిపించింది, పనికిరానిదనుకుని తీసుకున్నాను. పోగులు ఉన్నాయేమో నేను సరిగా చూడలేదు. నన్ను ఎంతైనా అను, నాయన్ను విసిగించకు. ఆయనకు నిజంగానే యాదికి లేకపోవచ్చు.

కానీ నా బాధ కూడా ఒకసారి విను. బోరు మోటార్లు బాగుచేసేవాడి బతుకు ఎట్లుంటుందో నీకు తెలుసు. పొద్దున నాగర్‌కర్నూల్ పక్కన, మధ్యాహ్నం వనపర్తిలో, సాయంత్రం పెబ్బేరు అవతల చేన్లల్లో. బండిలో నా హామ్ రేడియో, అటూ ఇటూ మాట్లాడుకునే సెట్టు, నిలవదు. మొదట చపాతీ పీట బిగించాను, మొదటి గుంతకే విరిగింది. తర్వాత ప్లాస్టిక్ బుట్టలో పెట్టి సైకిల్ ట్యూబుతో కట్టాను, ఎండకు బుట్ట మెత్తబడి సెట్టు నా కాళ్ళ మీద పడింది. మాట్లాడుతుంటే సెట్టు వేడెక్కుతుంది, చుట్టూ గాలి ఆడాలి. ఇనుప పెట్టెలో పెడితే గాలాడదు.

ఈ చట్రం ఉంది చూడు, బండి ముందు అద్దం కింద ఈ తలుపు నుంచి ఆ తలుపు దాకా కొలిచి చేసినట్టు కూర్చుంది. అచ్చు దూరే గాడిలోకి సెట్టు అంచు గట్టిగా దిగింది. కింద ఒక పాత సైకిల్ ట్యూబు ముక్క వేశాను, అంతే. మొన్న బిజినేపల్లి నుంచి వనపర్తి దాకా గుంతల్లో పోయినా కదల్లేదు. గుట్ట ఎక్కాల్సి వస్తే ఆరు మరలు విప్పి సెట్టుతో సహా భుజాన వేసుకుపోతాను, బండ మీద పెడితే చదునుగా నిలుస్తుంది. ముప్పై ఏళ్ళు నాయన చేతికింద ఆరిన టేకు అది. అట్లాంటిది ఏ దుకాణంలో దొరుకుతుంది?

నెలాఖరుకు కృష్ణ ఒడ్డున మా రేడియో వాళ్ళందరం కలిసి వరద సాధన పెట్టుకున్నాం. ఫోన్లు ఆగిపోతే కబురు ఎట్లా పంపాలో చూసుకోవాలి కదా. అది అయ్యాక తెచ్చి ఇస్తాను. ఈలోపు తొందరపడకు. వనపర్తి పని కూడా మరీ తీసిపారేసేది కాదక్కా, ఒకసారి ఆలోచించు.

ఒక్క తప్పు ఒప్పుకున్న తమ్ముడు,
శివశంకర్

*

గద్వాల,
16 జూలై 2025

శివశంకర్‌కు,

అటక మీద దొరికిందా? అటక నిచ్చెన మార్చిలోనే విరిగింది. నువ్వేమైనా ఎగిరి ఎక్కావా? పైగా శ్రీరంగాపూర్ పోయే ముందు రోజు పాత పోగుల మీద దుమ్ము పడకుండా గుడ్డ కప్పి పోయింది నేను. మగ్గానికి బిగించి ఉన్న చట్రం అటక మీదికి తనంతట తానే నడిచి పోయిందా? అబద్ధం ఆడటం కూడా చేతకాదు నీకు. చిన్నప్పుడు బెల్లం తిని మూతి తుడుచుకోకుండా "నేను తినలే" అన్నవాడివి, ఇప్పటికీ అంతే.

నీ ఉత్తరం మూడుసార్లు చదివాను. చట్రం ఎంత బాగా కూర్చుందో ఒక పేజీ, నా మగ్గం గురించి ఒక్క వరస. చివర్న మెల్లగా వనపర్తి. అక్కడ నాకు అర్థమైంది. ఇది రేడియో కోసం కాదు. మగ్గం లేకుండా చేస్తే ఇది ఏం చేస్తుంది, మూట కట్టుకుని వనపర్తి పోతుంది, ఇంటి పీడ వదులుతుంది అనుకున్నావు. నాయన అమాయకుడు. తన మగ్గం తన కళ్ళ ముందే విప్పుకుపోతుంటే నోరెత్తలేకపోయాడు పాపం. కొడుకువు కదా, నీ ముందు ఆయన నోరు లేవదు.

నేసిన గుడ్డను కోసి కుట్టడం నేర్పాలా నేను? నేయడం వచ్చినదాన్ని!

సరే, నువ్వు చేసింది ఎట్లా ఉంటుందో నీకు కూడా తెలియాలని నిన్న మేడ ఎక్కాను. నీళ్ళ ట్యాంకు దిమ్మెకు సైకిల్ ట్యూబులతో నువ్వు కట్టిన వెదురు గడ ఉంది కదా, నీ రేడియో తీగ వేలాడేది. ట్యూబులు కొడవలితో కోసి గడ దింపాను. తీగ చుట్టచుట్టి మూలకు పడేశాను. గడను భీమమ్మత్తకు ఇచ్చాను. చిక్కుడు పందిరికి వెదురు దొరకట్లేదని వారం నుంచి అంటోంది. ఆమె సంతోషానికి హద్దు లేదు.

నాది కాని వస్తువును నేను అడగకుండా తీసుకున్నాను. ఎట్లా ఉంది?

ఉమ

*

పెబ్బేరు,
20 జూలై 2025

అక్కా,

అత్త మీద కోపం దుత్త మీద చూపించావు. బండి ఆపి స్టీరింగు మీదే రాస్తున్నాను, అక్షరాలు వంకరగా ఉంటే క్షమించు. లేదా క్షమించకు, నాకిప్పుడు లెక్క లేదు.

ఆ గడ నాదనుకున్నావా? ఆ తీగ నా కోసమనుకున్నావా? బిజినేపల్లిలో నా గది మీద నాకు వేరే తీగ ఉంది. ఇంటి మీద కట్టింది నాయన కోసం.

అమ్మ పోయాక ఆయన ఎవరితోనూ మాట్లాడట్లేదని నువ్వే అన్నావు. నువ్వు పొద్దున్నే గుంటలోకి దిగుతావు, నాడె పోగుల మధ్య అటూ ఇటూ ఆడటం మొదలైతే నీకు ఎవరి మాటా వినిపించదు. ఆయన గోడ చూస్తూ కూర్చునేవాడు. అందుకే రెండేళ్ళ కింద ఒక పాత సెట్టు తెచ్చి, గోడకు రెండు ఇనుప కొక్కేలు కొట్టి, వాటి మీద అమ్మ పూరీలు చేసే పీట పెట్టి దాని మీద కూర్చోబెట్టాను. రేడియోలో మాట్లాడటానికి ఆయనకు లైసెన్సు లేదు, పరీక్ష రాయాలి. వినడానికి ఎవరి అనుమతీ అక్కర్లేదు. రోజూ ఏడింటికి నేను ఎక్కడున్నా బండి పక్కకు ఆపి, రాయచూరులో ఒకరు, కర్నూలులో ఒకరు ఉన్నారు, వాళ్ళతో మాట్లాడతాను. వాన పడిందా, ఏ ఊళ్ళో ఉన్నాను, పొద్దున ఏం తిన్నాను, అన్నీ వాళ్ళకు చెప్తాను. వాళ్ళకెందుకక్కా నేను పొద్దున ఏం తిన్నానో? అవతల నాయన వింటున్నాడని వాళ్ళకు కూడా తెలుసు, అందుకే ఓపిగ్గా అడుగుతారు.

గురువారం నాయనకు ఫోన్ చేశాను. "సెట్టు కరాబైనట్టుంది బిడ్డా, బుస్సుమంటుంది, నువ్వు వస్తలేవు" అన్నాడు. నువ్వు గడ దింపావని చెప్పలేదు. ఆయన చూశాడో లేదో నాకు తెలియదు, చూసినా చెప్పడు. "అయినా రోజూ కూసుంట, ఎప్పుడన్న వస్తవేమో" అన్నాడు.

చాలా? కసి తీరిందా?

చట్రం గురించి ఇక నన్ను ఒక్క మాట అనకు. నిన్ను వనపర్తికి తోలి నేను కట్టుకునే మేడలేమీ లేవు. అడగాల్సిన మనిషి నీ ఇంట్లోనే ఉన్నాడు, అక్కడ అడుగు. నేను ఇంతకు మించి చెప్పను. మాట ఇచ్చాను.

శివశంకర్

*

గద్వాల,
24 జూలై 2025

శివశంకర్‌కు,

నీ ఉత్తరం నిన్న పొద్దున వచ్చింది. నాయన రేడియో ముందు కూర్చుని ఉన్నాడు. బుస్సుమనే శబ్దం తప్ప ఏమీ లేదు, అయినా చెయ్యి చెవికి పెట్టుకుని వింటున్నాడు. నాకు సిగ్గేసింది. సిగ్గు వేరు, కోపం వేరు, రెండూ ఉన్నాయి.

ఎదురుగా నిలబడి అడిగాను. "మగ్గం ఎవలు విప్పిండ్రు నాయినా?"

ఆయన సెట్టు ఆపాడు. "నా ట్రంకు పెట్టె తీయి" అన్నాడు.

తీస్తే లోపల ఒక మూట, అమ్మ ముదురాకుపచ్చ చీరతో చుట్టింది. అచ్చు ఉంది. పోగులు దూరే నూలు కళ్ళు, వాటిలోంచి బయటికి లాగిన పాత పోగులు. ఒక్క పోగు పక్క పోగు మీదికి ఎక్కకుండా, వరస చెడకుండా మధ్యలో రెండు వెదురు బద్దలు దూర్చి, చివర్లు గుప్పెడు గుప్పెడుగా ముడి వేసి ఉన్నాయి. అట్లా ముడి వేయడం నీకు ఏడు జన్మలెత్తినా రాదు. ఎవరి చెయ్యో చెప్పక్కర్లేదు.

"నేనే కోసిన. చట్రం వానికి నేనే ఇచ్చిన" అన్నాడు. "వాణ్ణి అనకు."

"యాదికి లేదంటివి గద!"

"ఉన్నది. నలభై ఏండ్ల సంది చేసిన పని యాడికి పోతది?"

ఎందుకు కోశావని అడిగితే మోకాళ్ళు చూపించాడు. "గుంటల కాళ్ళు పెట్టి పెట్టి నావి గిట్లయినయ్. నీవి గూడ గిట్లనే అయితయ్. మీ అమ్మ నడుము నొప్పితోనే పాయె. మగ్గం మీద పోగున్నన్ని దినాలు నువ్వు లేవవు. ఖాళీ అయితె లేస్తవనుకున్న."

"నన్ను అడగొద్దా?"

"అడిగితె వింటవా నువ్వు?"

అంతే ఆయన లెక్క. వినదు కాబట్టి అడగక్కర్లేదు. ఎనిమిదేళ్ళ కింద నా పెళ్ళి ఎవరినీ అడిగి తెంపుకోలేదు నేను, నిజమే, నాకు నేనే తెంపుకున్నాను. అందుకే నా బతుకు నా చేతిలో ఉందనుకున్నాను. ఇన్నేళ్ళూ నా బతుకు నాయన కత్తెర కింద ఉందని నాకు తెలియదు.

"లేవాల్నని కోసినోనివి, మరి గీ బద్దలు ఎందుకు పెట్టినవ్? పారెయ్యకపోయినవా?"

ఆయన ట్రంకు పెట్టె మూత వేశాడు. మళ్ళీ అడిగాను. అప్పుడు అన్నాడు, "చెయ్యి ఊకోలే బిడ్డా."

నాకు ఏడుపు రాలేదు. గట్టిగా అరిచాను. భీమమ్మత్త చెంబు చేత్తోనే పరుగెత్తుకొచ్చింది.

నీ సంగతికి వస్తే, నువ్వు మాట ఇచ్చావట! నాకు తెలియకుండా ఉంచుతానని మాట ఇచ్చావా? ఇద్దరు మగవాళ్ళు కూర్చుని, ఒకరు కోసి, ఒకరు పట్టుకుపోయి, నా బతుక్కు మేలు చేశారు. ఆయన్ను కాపాడాలని తిట్లు తిన్నావు, గొప్పవాడివే. నన్ను కాపాడాలని ఒక్కరికీ ఎందుకు అనిపించలేదు? "తప్పు నాదే" అన్న నీ మాట నమ్మి నేను నాయన్ను అమాయకుడన్నాను.

ఇంకొకటి. గడ దింపింది తప్పే. భీమమ్మత్త పందిరి విప్పనంటోంది, చిక్కుడు తీగ పాకిందట. పడుగు గంజి పెట్టి ఆరేసే పొడుగు గడ ఉంది కదా, అదే మేడ మీద దిమ్మెకు కట్టాను. ట్యూబులు లేవు, నూలు తాడుతో నేత ముడి వేశాను, నీ ట్యూబుల కన్నా గట్టిది. రేడియో తీగ నువ్వు కట్టినట్టే కట్టానో లేదో తెలియదు. ఈ పొద్దున ఏడింటికి నీ గొంతు వచ్చింది. పెబ్బేరు సంతలో ఎడ్ల సంగతి చెప్తున్నావు. నాయన నన్ను చూశాడు. నేను చూడలేదు.

ఉమ

*

వనపర్తి,
28 జూలై 2025

అక్కా,

ఈసారి అబద్ధం లేదు.

నాయన కోస్తున్నప్పుడు నేను పక్కనే ఉన్నాను. నువ్వు ఊళ్ళో లేని రోజు చూసి రమ్మన్నాడు, ఎందుకో చెప్పలేదు. వచ్చాక చెప్పాడు. "అక్కను అడుగుదాం నాయినా" అన్నాను. ఒక్కసారే అన్నాను. అప్పుడు ఆయన చట్రం చూపించి, "నీ రేడియోకు జాగ లేదంటివి గద, గిది పనికొస్తదా సూడు" అన్నాడు. గాడిలో వేలు పెట్టి చూశాను. సరిపోతుందని ఆ నిమిషంలోనే తెలిసింది. ఆశ పుట్టింది అక్కా. రెండోసారి అడగలేదు. నాయన మాటకు కట్టుబడ్డానని ఇన్నాళ్ళూ నాకు నేనే చెప్పుకున్నాను. అసలు సంగతి అది కాదు. ఆ చట్రం నాకు కావాలనిపించింది.

నిన్నటి వరద సాధనలో మావాళ్ళంతా దాన్ని ముట్టుకుని చూసి, ఎక్కడ చేయించావని అడిగారు. మా ఇంటి మగ్గానిది అని చెప్పాను. "అయితే మగ్గం నడుస్తలేదా?" అని రాయచూరు నుంచి వచ్చినాయన అడిగాడు.

సాయంత్రమే విప్పేశాను. ఇక్కడ ఒక వడ్రంగి చేత ఆరు మర బెజ్జాలూ టేకు పుల్లలతో పూడ్పించి, నున్నగా తోమించాను. గురువారం గద్వాల బస్సులో కండక్టరుకు ఇస్తాను, స్టాండులో తీసుకో. నా సెట్టు ప్రస్తుతానికి టమాటా పెట్టె చెక్కల మీద ఉంది, గుంత వస్తే ఒక చేత్తో పట్టుకుంటున్నాను.

దూర్చడానికి వెనక కూర్చుని పోగు అందించే మనిషి కావాలి కదా. శనివారం వస్తాను. నాకు చేతకాదని తెలుసు, నేర్పు. తిడుతూ నేర్పినా సరే.

శివశంకర్

*

గద్వాల,
7 ఆగస్టు 2025

చిరంజీవి శివశంకర్‌కు,

శనివారం పొద్దున భీమమ్మత్త ఫోన్ నుంచి నిన్ను రావద్దన్నాను. విసుగుతో అన్నాననుకుని ఉంటావు. విసుగు కూడా ఉంది, కానీ కారణం అది కాదు.

శుక్రవారం చట్రం బిగించాను. మీ వడ్రంగి పని బాగానే చేశాడు, రెండు చోట్ల పుల్ల పైకి ఉంటే గాజుపెంకుతో గీకి మైనం పూశాను. బద్దల మీది వరస చదువుకుంటూ, ఎట్లాగో ఒక్కదాన్నే కొత్త పడుగు దూర్చుదామని ఒక వైపు అంచు పోగులు పట్టుకుని కూర్చున్నాను. అటు లేచి పోగు పట్టుకోవడం, ఇటు వచ్చి లాగడం. పొద్దంతా చేస్తే అరవై పోగులు కూడా పడలేదు. నడుము పడిపోయింది. నీకే కబురు చేద్దామనుకున్నాను.

శనివారం పొద్దున నేను కూర్చునేసరికి పడుగు వెనక స్టూలు వేసుకుని నాయన ఉన్నాడు. కింద కూర్చోలేడు కదా. ఏడయింది. రేడియో పెట్టలేదు. నేను పిలవలేదు, ఆయన అడగలేదు. మొదటి పోగు విడదీసి అచ్చు దగ్గరకు పట్టాడు.

"ఇప్పుడు గీ కన్ను, దాని ఎన్క..." అని వరస చెప్పబోయాడు. "నువ్వు చెప్పకు. బద్దల మీదున్నది, నేను చదువుకుంట" అన్నాను. ఆ తర్వాత ఆయన నోరు విప్పలేదు. నేనూ విప్పలేదు. నిన్ను రావద్దంది అందుకే. నువ్వు ఉంటే మా ఇద్దరి చేత మాట్లాడించేదాకా ఊరుకోవు.

అయిదు రోజులు. మధ్యాహ్నం అన్నం పెట్టాను, తిన్నాడు. మోకాలు నొప్పి పుడితే లేచి గోడ పట్టుకుని రెండు అడుగులు వేసి మళ్ళీ వచ్చి కూర్చున్నాడు. చాలు లెమ్మని అనాలనిపించింది, అనలేదు. నా బతుకు గురించి నన్ను అడగని మనిషి, తన మోకాలి గురించి నా చేత ఎందుకు అనిపించుకోవాలి? ఇంత కసి నాలో ఉందని నాకే తెలియదు.

నిన్న సాయంత్రం చివరి పోగు లాగాను. నాలుగు వేలకు పైన ఉంటాయి. చూపు ఆనని మనిషి, వేళ్ళతో తడుముకుంటూ ఒక్కటి కూడా వరస తప్పి అందించలేదు. నేను ఆయనతో ఒక్క మాటా మాట్లాడలేదు, ఆయన అందించిన ఒక్క పోగునూ జారనీయలేదు.

కోపం ఇంకా ఉంది. మగ్గం మీద పోగు ఉంది.

అక్క,
ఉమ